కరకట్ట రోడ్డు మీద పెద్దమ్మ

మా పెద్దమ్మ ఇరవై తొమ్మిదేళ్ళు సైకిలు మీద ఉత్తరాలు పంచింది. ఊళ్ళో సగం మందికి ఆమె అసలు పేరు తెలియదు. అందరికీ ఆమె 'పోస్టమ్మ'. పెళ్ళి చేసుకోలేదు. నేను మూడో తరగతిలో ఉండగా మా నాన్న పోయాడు. ఆ వారంలోనే ఆమె తన సామానంతా రెండు పెట్టెల్లో సర్దుకుని, చెల్లెలి దగ్గరికని మా ఇంటికి వచ్చేసింది. తాళాల కొట్టు మీది మేడ గదులు మావి. ముందు గదిలో అమ్మ కుట్టుమిషను, దాని చుట్టూ ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళాల్సిన కర్టెన్ల గుట్టలు. వెనక గదిలో నేనూ పెద్దమ్మా.

తపాలా ఆఫీసులో ఆమె వంతుకు వచ్చింది ఎవరూ కోరుకోని దారి. ఊరి చివర చేపల గిడ్డంగి దాటగానే కరకట్ట మొదలవుతుంది. కట్టకు అవతల సముద్రం. ఇవతల కనుచూపు మేర చిత్తడి నేల, తుంగ, రెల్లు, మధ్యమధ్య నీటి మడుగులు. అదంతా పక్షుల కోసం వదిలేసిన రక్షిత ప్రాంతం. అక్కడ కొత్తగా ఇల్లు కట్టకూడదు, వల వేయకూడదు, గట్టిగా హారను కూడా కొట్టకూడదు. ఆ రెండింటి మధ్య ఇరవై రెండు కిలోమీటర్ల తారు రోడ్డు, స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. ఆ దారి మొత్తానికి పందొమ్మిది గుమ్మాలు. పక్షుల కేంద్రం ఆఫీసు, నీళ్ళ తూము కాపరి ఇల్లు, ఉప్పు మళ్ళ దగ్గర పనివాళ్ళ ఇళ్ళ వరస, చిట్టచివర దీపం ఎప్పుడో తీసేసిన దీపస్తంభం.

"అంత చదునైన రోడ్డు. నీకేం కష్టం అక్కా?" అనేది మా అమ్మ.

"గాలి లేదూ? అదే నా కొండ. కొండైనా నయం, ఉన్నచోటే పడి ఉంటుంది. ఇది రోజుకో వైపు నుంచి వస్తుంది" అనేది పెద్దమ్మ.

ఒకసారి తుఫానులో సైకిలు కాలవలోకి జారిపోతే, దాన్ని వదిలేసి, ఉత్తరాల సంచి నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్ళలో నడిచి వచ్చిందట. మర్నాడు పై అధికారి సైకిలు ఏదని అడిగాడు గానీ, ఉత్తరాలు తడిశాయా అని మాటవరసకైనా అడగలేదట. ఆ ఉక్రోషం ఆమెకు ఇప్పటికీ తగ్గలేదు.

రిటైరయ్యే రోజు దగ్గర పడ్డప్పుడు ఆఫీసు వాళ్ళు ఏం బహుమతి కావాలని అడిగారు. గోడ గడియారం తెస్తుందని మేం మేకు కూడా చూసి పెట్టుకున్నాం. ఈవిడ పత్రికలోంచి చింపిన ఒక బొమ్మ తీసి వాళ్ళ బల్ల మీద పెట్టింది. పందేలలో తొక్కే సైకిలు. వాళ్ళు వేసినదానికి తన డబ్బు కూడా కలిపి అదే కొనిపించుకుంది. ముదురాకుపచ్చ రంగు, వేలెడు వెడల్పు లేని టైర్లు, గొర్రె కొమ్ముల్లా వంపు తిరిగిన హ్యాండిలు. మేడ మెట్ల మీద దాన్ని ఒంటి చేత్తో ఎత్తుకొచ్చింది.

మా అమ్మ మిషను ఆపి, కళ్ళజోడు సర్దుకుని మరీ చూసింది. "ఇది సైకిలా, సైకిలు అస్థిపంజరమా? ఈ వయసులో దీని మీద ఎక్కడ కూర్చుంటావు?"

"సీటు మీద" అంది పెద్దమ్మ.

అప్పటినుంచి వారానికి మూడు రోజులు తెల్లారగానే కరకట్ట రోడ్డెక్కేది. తోడు డ్రాయింగు మాస్టారు. నాకూ ఆయనే బొమ్మలు నేర్పారు. ఆయన కూడా రిటైరయ్యారు. ఆయన సైకిలు పాతది, మనిషి నిదానం. పెద్దమ్మ ముందు పోతుంటే ఆయన వెనకాల అరకిలోమీటరు దూరంలో వచ్చేవారు. ఆమెకు అదే ఇష్టం. "ఇరవై తొమ్మిదేళ్ళు ఈ రోడ్డు మీద ప్రతి గుమ్మం దగ్గరా దిగాను. దిగకుండా పోతే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది" అని నాతో అంది ఒకసారి. అలా ఐదేళ్ళు గడిచాయి. ఆమెకు అరవై మూడు వచ్చాయి.

ఆ ఏడు చలి మొదలయ్యే రోజుల్లో, దూరదేశాల పక్షులు దిగే కాలంలో, ఒక పొద్దున ఆమె తూము దాటి వెళ్తోంది. నెత్తి మీదుగా బాతుల గుంపు పోయింది, రెక్కల చప్పుడు వినబడేంత కిందుగా. తొక్కుతూనే తలెత్తి చూసింది. అంతే, ఆకాశం గిర్రున తిరిగింది. రోడ్డు ఎటుందో, కట్ట ఎటుందో తెలియలేదు. సైకిలు కుడివైపు వాలుకి దిగిపోయి, ఆమె తుంగలో బురదలో బోర్లా పడింది. అరనిమిషంలో అంతా సర్దుకుంది. లేచి కూర్చుంది. చెయ్యి గీరుకుంది తప్ప దెబ్బ తగల్లేదు. మాస్టారు వచ్చేసరికి నిలబడి సైకిలుకి బురద తుడుస్తోంది.

"ఏమైందండీ?" అని ఆయన కంగారుపడ్డారు.

"రాయి తగిలింది మాస్టారూ."

ఆయన రోడ్డు అటూ ఇటూ చూశారు. ఆ రోడ్డు మీద రాళ్ళుండవు. కానీ ఆయన మర్యాదస్తుడు.

మర్నాడు పొద్దున పక్క మీద కుడివైపు తిరిగేసరికి ఇంటి కప్పు మొత్తం మళ్ళీ గిరగిరా తిరిగింది. అప్పుడు ఆమెకు గుండె జారిపోయింది. దానికి కారణం ఉంది. మా అమ్మమ్మ ఒకరోజు మొహం కడుక్కుంటూ "తల తిరుగుతోందే" అందట. సాయంత్రానికి మాట పడిపోయింది. ఆ తర్వాత రెండేళ్ళు మంచం మీదే. అప్పుడు పెద్దమ్మకు ఇరవై రెండేళ్ళు. పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, చెంచాతో నీళ్ళు పట్టడం అన్నీ ఆమే చేసింది. మా అమ్మ అప్పుడు బడికి వెళ్ళే పిల్ల. తల తిరగడమంటే తర్వాత ఏం వస్తుందో పెద్దమ్మకు ఒకరు చెప్పక్కర్లేదు. అలా అనుకుంది.

అనుకుని, ఎవరికీ చెప్పలేదు.

మోకాలు నొప్పి అని చెప్పి సైకిలు గోడకు తగిలించేసింది. పడుకుంటే నడుం పట్టేస్తోందని చెప్పి కుర్చీలో, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని నిద్రపోయేది. ఎవరైనా పిలిస్తే మెడ తిప్పకుండా బీరువా జరిపినట్టు మనిషి మొత్తం తిరిగేది. పై అరలో డబ్బా కావాలంటే "నువ్వు తీసిపెట్టు, నాకు అందదు" అనేది. ఆ అర చేసినప్పటినుంచి ఆమెకు అందుతూనే ఉంది. ఒకరోజు మా అమ్మను కూర్చోబెట్టి ఇంటి కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో చూపించింది. "ఇప్పుడెందుకక్కా?" అంటే "ఊరికే, సర్దుతున్నాను" అంది. వానకోటు తూము కాపరికి ఇచ్చేసింది. టైర్లకు గాలికొట్టే పంపు తాళాల కొట్టు ఆయనకిచ్చింది. మేమిద్దరం ఇవన్నీ చూశాం. వయసు మీద పడుతోంది కదా అనుకున్నాం. ఒక ఇంట్లో ఉంటూ అంత గుడ్డిగా ఎలా ఉన్నామో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నాలుగు నెలలు అలా పోయాయి. ఒకరోజు నేను పనిచేసే షాపుకి డ్రాయింగు మాస్టారు వచ్చారు. నాది కళ్ళజోళ్ళ షాపులో పని. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. ఆయన కళ్ళజోడు మరలు బిగించమని వచ్చారనుకున్నాను.

"మరలు బాగానే ఉన్నాయమ్మా" అన్నారు. కాసేపు నసిగారు. "మీ పెద్దమ్మగారు నిన్న సైకిలు తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టి వెళ్ళిపోయారు. మీరే ఉంచుకోండి, నాకిక పనిలేదు అన్నారు. ఆ సైకిలు నేను ముట్టుకుంటేనే ఊరుకోరు ఆవిడ. నాకేదో భయంగా ఉంది. ఆ రోజు కిందపడ్డారు కదా, అప్పటినుంచి..."

"కిందపడిందా? ఎప్పుడు?"

ఆయన నా మొహం చూసి, తాను చెప్పకూడనిది చెప్పానని గ్రహించి, కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

మధ్యాహ్నం భోజనానికి వెళ్ళినప్పుడు ఆమెను నిలదీశాను. "పెద్దమ్మా, ఎందుకు పడ్డావు?"

"మాస్టారి నోట్లో నువ్వుగింజ నానదు" అని విసుక్కుంది. ఆ తర్వాత, నేను కదలకుండా నిలబడితే, "కళ్ళు కాస్త మసకగా ఉంటున్నాయి. అంతే" అంది.

అది కూడా అబద్ధమే. కానీ నాకు పనికొచ్చే అబద్ధం. "అయితే రా. మా షాపులో మేడం చూస్తుంది" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. కళ్ళు మసకన్నాక కళ్ళ పరీక్షకు రానని ఎలా అంటుంది?

అక్షరాలన్నీ చివరి వరస దాకా గడగడా చదివేసింది. మా మేడం కళ్ళలో చుక్కల మందు వేద్దామని కుర్చీ వాల్చి, "తల వెనక్కి పెట్టి కొంచెం కుడివైపు తిప్పండి" అంది. పెద్దమ్మ కదల్లేదు. "ఏం కాదులెండి" అని మేడం తనే మెల్లగా వాల్చింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత పెద్దమ్మ కుర్చీ వదిలేసి నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేంత గట్టిగా. నేను ఆమె మొహంలోకి చూశాను. రెండు నల్లగుడ్లూ మెలి తిరుగుతూ టపటపా కొట్టుకుంటున్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అరనిమిషానికి అవి నిలిచాయి. మేడం మాత్రం కంగారుపడకుండా, ఆసక్తిగా వంగి చూస్తోంది.

"ఇలా ఎన్నాళ్ళనుంచి అమ్మా?"

"నాలుగు నెలలు" అంది పెద్దమ్మ. మొదటిసారి నిజం చెప్పింది.

"ఇది కళ్ళది కాదు. చెవి డాక్టరుకి చూపించండి."

"చెవులు బాగానే వినిపిస్తున్నాయండీ."

"అయినా చూపించండి" అంది మేడం. నన్ను పక్కకు పిలిచి, "నేననుకుంటున్నదే అయితే పెద్ద భయం లేదు. కానీ ఆ మాట డాక్టరే చెప్పాలి" అంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగిన గొడవ కింద తాళాల కొట్టు వరకూ వినిపించి ఉంటుంది. మా అమ్మ కోపం వస్తే అరవదు, కత్తెర బల్ల మీద పెట్టి లేచి నిలబడుతుంది. ఆ రోజు అరిచింది కూడా.

"నాలుగు నెలలా? పక్కగదిలో నేనున్నాను. నన్ను మనిషిని అనుకున్నావా, కర్టెను గుడ్డ అనుకున్నావా?"

"చెప్తే ఏం చేస్తావే? మిషను మూలన పడేసి నా మంచం పక్కన కూర్చుంటావు."

"కూర్చుంటాను! నువ్వు అమ్మ పక్కన కూర్చోలేదా?"

"కూర్చున్నాను కాబట్టే చెప్పలేదు" అంది పెద్దమ్మ.

మా అమ్మ వెళ్ళి కుర్చీ పక్కనే తన పక్క వేసుకుంది. డాక్టరు దొరికే రోజు దాకా ఎనిమిది రోజులూ అక్కడే పడుకుంది. ఆ ఎనిమిది రోజులూ ఇంట్లో ఎవరం ఏం తిన్నామో నాకు గుర్తులేదు.

చెవి డాక్టరు సన్నగా పొట్టిగా ఉన్న ఒక అమ్మాయి. నా ఈడే ఉంటుంది. చెవుల్లోకి చూసింది, నడిపించింది, వేలితో ముక్కు ముట్టుకోమంది, చేతులూ కాళ్ళూ నొక్కి చూసింది. ఏమేం చేస్తే తల తిరుగుతుందో ఓపిగ్గా అడిగి తెలుసుకుంది. తర్వాత పెద్దమ్మను బల్ల మీద కూర్చోబెట్టి తలను రెండు చేతులతో పట్టుకుని, కుడివైపు తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టింది. తల బల్ల అంచు నుంచి కిందికి వేలాడుతోంది. మా అమ్మ సంచిని గుండెకు అదుముకుంది.

"తిరుగుతోంది, తిరుగుతోంది... గది మొత్తం తిరుగుతోంది" అంది పెద్దమ్మ.

"మంచిది" అంది డాక్టరు.

"మంచిదా?"

"తిరగనివ్వండి. కళ్ళు మూసుకోకండి."

ఆగింది. డాక్టరు తల ఎడమవైపు తిప్పింది. మళ్ళీ ఆగింది. పక్కకు దొర్లించి, మొహం నేలవైపు ఉండేలా పట్టుకుని ఇంకాసేపు ఆగింది. చివరికి లేపి కూర్చోబెట్టింది. రెండు నిమిషాలయ్యాక మళ్ళీ మొదటినుంచి అంతా చేసింది. ఈసారి పెద్దమ్మ కుడివైపు తల వేలాడేసి కప్పుకేసి చూస్తూ ఉండిపోయింది.

"ఎలా ఉంది?"

"కప్పు కప్పులాగే ఉంది" అంది పెద్దమ్మ నెమ్మదిగా.

"అంతేనమ్మా. అయిపోయింది."

"ఏం అయిపోయింది?"

డాక్టరు విడమరిచి చెప్పింది. చెవి లోపల ఇసుక రేణువుల్లాంటివి ఉంటాయట, మనిషి ఎటు వంగాడో అవి మెదడుకి చెప్తుంటాయట. వయసు పైబడ్డాక కొన్నిసార్లు అవి ఉన్నచోటు వదిలి పక్క గొట్టంలోకి జారతాయి. అప్పుడు తలెత్తినా, పక్క మీద తిరిగినా లోకం తిరిగినట్టుంటుంది. తలను అటూ ఇటూ తిప్పి వాటిని మళ్ళీ వాటి చోటికి దొర్లించింది, అంతే.

"మా అమ్మకి వచ్చింది..."

"అది వేరు. మీకు ఆ లక్షణాలేవీ లేవు. రెండు రోజులు తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. వారం ఆగి సైకిలెక్కండి. ఇది మళ్ళీ రావచ్చు. వస్తే భయపడకుండా నా దగ్గరికి రండి, పది నిమిషాల పని."

"మందులు?" అని అడిగింది మా అమ్మ.

"ఏమీ అక్కర్లేదండీ."

మా అమ్మ నోరు తెరిచి పెద్దమ్మను చూసింది, డాక్టరును చూసింది. "నాలుగు నెలలు కుర్చీలో కూర్చుని నిద్రపోయింది డాక్టరుగారూ, చెవిలో ఇసుకకి!" అంది. అంటూనే నవ్వు మొదలైంది. నవ్వుతూ నవ్వుతూ గోడకు ఆనుకుని ఏడ్చేసింది. బయట వరసలో కూర్చున్నవాళ్ళు లోపల ఏం జరిగిందో అని తలుపు సందులోంచి తొంగి చూశారు.

పెద్దమ్మ మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. వీధిలోకి వచ్చాక బస్టాపు బల్ల మీద కూర్చుండిపోయింది. రెండు బస్సులు వచ్చి వెళ్ళిపోయాయి.

"ఏంటక్కా, ఇంకా ఏమైనా తిరుగుతోందా?"

"లేదు. పోవడానికి అన్నీ సర్దేసుకున్నాను. ఇప్పుడు అవన్నీ మళ్ళీ విప్పాలి" అంది. తర్వాత పెద్దగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి నాలుగు నెలలనుంచి లోపలే ఉన్నట్టుంది. "నాకు ఆకలేస్తోంది" అంది.

మూడో రోజు మధ్యాహ్నం మంచం మీద వెల్లకిలా పడుకుని, కుడికి ఒకసారి, ఎడమకి ఒకసారి దొర్లింది. మిషను చప్పుడు ఆగింది. తలుపు దగ్గర మా అమ్మ.

"ఏంటే అలా చూస్తావు? సర్కసా?"

"ఇంకోసారి దొర్లు అక్కా" అంది మా అమ్మ.

పెద్దమ్మ ఇంకోసారి దొర్లింది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. మా అమ్మ కుర్చీలో దిండ్లన్నీ తీసి ఎండలో వేసింది.

వారం గడిచాక ఇచ్చేసిన వస్తువుల వసూలు మొదలైంది. తాళాల కొట్టు ఆయన పంపు ఇచ్చేస్తూ, "ఇచ్చినప్పుడే అనుకున్నానండీ, ఏదో తేడాగా ఉందని" అన్నాడు. అందరూ అలాగే అనుకున్నారట, ఎవరూ అడగలేదు. ఆదివారం మాస్టారింటికి వెళ్ళాం. సైకిలు ఆయన ముందు గదిలో, నేల మీద పరిచిన దుప్పటి మీద నిలబెట్టి ఉంది. చైనుకి నూనె మెరుస్తోంది. గోడకు నాలుగైదు బొమ్మలు, అన్నీ ఆ సైకిలువే.

"తొక్కలేదా మాస్టారూ?" అని అడిగింది పెద్దమ్మ.

"నాకెందుకండీ అది? మీరు వచ్చేదాకా దాచిపెట్టాను" అన్నారాయన. ఆమె తలుపు వైపు తిరిగి గొంతు సవరించుకుంది. అప్పుడు మెడ ఒక్కటే తిరగడం నేను గమనించాను.

మొదటి రోజు మాస్టారొక్కరి తోడు చాలదని మా అమ్మ పట్టుబట్టింది. దాంతో నేనొక అద్దె సైకిలు తీసుకుని వాళ్ళిద్దరి వెంట బయల్దేరాను. చేపల గిడ్డంగి దాటాక మాటలు ఆగిపోయాయి. చల్లటి పొద్దు, రోడ్డు పొడి, గాలి పక్కనుంచి. ఎడమవైపు కట్ట గడ్డి మీద మంచు ఆరుతోంది. కుడివైపు మడుగుల్లో వందల పక్షులు ముక్కులు దించుకుని తమ పని తాము చూసుకుంటున్నాయి. పెద్దమ్మ మొదటి రెండు కిలోమీటర్లూ మెడ బిగబట్టుకుని, బ్రేకుల మీద వేళ్ళు పెట్టుకుని తొక్కింది. ఆమె భుజాల్లో భయం నాకు వెనకనుంచి కనబడుతూనే ఉంది.

తూము దగ్గర కాపరి తలుపులెత్తే చక్రం తిప్పుతూ ఆమెను చూసి చెయ్యెత్తాడు. "పోస్టమ్మగారూ! ఉత్తరాలేమైనా ఉన్నాయా?"

"ఉన్నది నా వానకోటు! తిరిగొచ్చేప్పుడు తీసుకుంటాను" అని ఆమె ఆగకుండానే అరిచింది. తూము దాటాక సరిగ్గా తాను పడ్డచోట తొక్కడం ఆపి, సైకిలు దానంతట అది పోతుండగా, తల బాగా వెనక్కి వాల్చి ఆకాశం కేసి చూసింది. నేను గుండె చిక్కబట్టుకున్నాను. సైకిలు గీత దాటలేదు. ఆమె అలాగే కుడికీ ఎడమకీ చూసింది. తర్వాత వంగి హ్యాండిలు కొమ్ములు కింద పట్టుకుని తొక్కిన తొక్కుడికి రెండు నిమిషాల్లో మా ఇద్దరికీ చిన్న చుక్కైపోయింది.

మాస్టారు నా పక్కన వగరుస్తూ, "అమ్మయ్య! మీ పెద్దమ్మగారు మళ్ళీ అరకిలోమీటరు ముందుకెళ్ళిపోయారు" అన్నారు. నేనూ నవ్వాను. తొడలు మండిపోతున్నాయి, ఆమెను అందుకునే ప్రసక్తే లేదు, అయినా ఆ పొద్దున నాకున్నంత హాయి ఎవరికీ ఉండి ఉండదు.

ఇది జరిగి మూడేళ్ళు. ఇప్పుడు ఎవరైనా మెట్ల మీద "తల తిరిగినట్టుంది" అంటే చాలు, పెద్దమ్మ వదలదు. పక్క వాటా టీచరమ్మను ఇలాగే లాక్కెళ్ళింది. ఆవిడకు అది చెవిది కాదని, రక్తం తక్కువైందని తేలి, మందులతో కోలుకుంది. అయినా ఆ ఖ్యాతి పెద్దమ్మ ఖాతాలోనే పడింది.

పోయిన నెల ఒక పొద్దున, పక్క మీంచి లేస్తుంటే ఆమెకు మళ్ళీ కప్పు తిరిగింది. నేను అప్పటికే పనికి వెళ్ళిపోయాను. "చెల్లీ, మళ్ళీ వచ్చింది. డాక్టరు దగ్గరికి పోతున్నాను" అని చెప్పిందట. మా అమ్మ తోడు వెళ్ళబోతే, "నీ కర్టెన్లు ఇవ్వాల్సింది ఇవాళే కదా, కూర్చో" అని బస్సెక్కి వెళ్ళింది. దారిలో రొట్టె కూడా కొనుక్కుని పదకొండింటికల్లా ఇంట్లో ఉంది.

"పోయిందా?" అని అడిగింది మా అమ్మ.

"పోయింది."

మా అమ్మ మిషను ఆపకుండానే, "అయితే ఆ గుడ్డ కొస కాస్త పట్టుకో అక్కా, నేల మీద ఈడుస్తోంది" అంది. పెద్దమ్మ చేతులు కడుక్కుని వచ్చి పట్టుకుంది.